పంపింగ్ అరవై శాతం

పెద్దక్క ఆయాసం నాటకమని లాండ్రీలో మొదట ఎవరన్నారో చెప్పడం కష్టం గానీ, ఆ మాటకి ఆధారంగా కాగితం రాసిచ్చింది మాత్రం ఎకో అమ్మాయి. ఆ సంగతి ఆమెకి సోమవారం పొద్దుటి దాకా తెలియదు.

ఎకో అమ్మాయి అంటే అమ్మాయేం కాదు. నలభై నాలుగేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళ కిందట ఆసుపత్రిలో గుండె స్కానింగ్ మిషను దగ్గర చేరినప్పుడు పడ్డ పేరది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, రోజంతా చెయ్యి చాచి ఒకే భంగిమలో నొక్కి పట్టుకోవడం వల్ల కుడి భుజం పట్టేసింది. పేరు మాత్రం ఎదగలేదు. వార్డుల్లో, క్యాంటీనులో, కింద లాండ్రీలో అందరికీ ఆమె ఎకో అమ్మాయే.

ఆ సోమవారం తొమ్మిదో పేషెంటు బట్టలు సర్దుకుని వెళ్ళాక, తలుపు తోసుకుని లాండ్రీ సూపర్వైజరు లోపలికి వచ్చాడు. ఎవరితో మాట్లాడుతున్నా కళ్ళు చేతి గడియారం మీదే ఉంటాయని ఆయన్ని చాటుగా గడియారం అంటారు. ఆయన వెనక పెద్దక్క, తలుపు చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. నోరు గట్టిగా మూసుకుని ముక్కుతోనే గాలి పీలుస్తోంది. నోరు తెరిచి రొప్పితే ఆయన ముందు లోకువైపోతానన్నట్టు ఉంది ఆ నిలబడటం.

"మేడమ్, ఈవిడ మళ్ళీ మొదలుపెట్టింది," అన్నాడు గడియారం. "తడి సెక్షను వద్దంట. పైన మడతల బల్ల దగ్గర వేయాలంట. ఆరు నెలల కిందట మీరే బాగుందని రాశారు. ఇంకోసారి రాసిచ్చేస్తే ఈ గొడవ వదిలిపోతుంది."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఎకో అమ్మాయి విప్పి చూసింది. పంపింగ్ అరవై శాతం. గుండె పనితీరు బాగుంది. కింద డాక్టరు సంతకం, ఆ సంతకం పక్కన తన పొడి అక్షరాలు. తన చేతిరాతే.

ఆ రోజు ఆమెకి గుర్తొచ్చింది. ఏడాదికోసారి సిబ్బందికి చేసే పరీక్షలు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపల నలభై మంది. మనిషికి నాలుగు నిమిషాలు. గుండె ముడుచుకోవడం చూడటం, శాతం కట్టడం, లేపి పంపడం. పెద్దక్కనీ అలాగే పంపింది. పోతూ పోతూ 'నాకు మెట్లెక్కితే ఎందుకో ఎగశ్వాస వస్తోందే' అని పెద్దక్క అంటే, వీపు మీద తట్టి 'నీకేమక్కా, గుండ్రాయివి' అని నవ్వింది కూడా.

"మీరు వెళ్ళండి," అంది సూపర్వైజరుతో. "అరగంట పడుతుంది."

"అరగంటా? పోయినసారి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు కదండీ."

"అవును. పోయినసారి పట్టలేదు."

ఆయన గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు. పెద్దక్క మంచం ఎక్కడానికి రెండుసార్లు ఆగింది. గౌను వేసుకుని, ఎడం పక్కకి తిరిగి పడుకోబోతూ, "ఇంకో దిండు ఉంటే ఇస్తావా తల్లీ," అంది.

"ఇంట్లో ఎన్ని దిళ్ళు వేసుకుంటున్నావు?"

"మొన్నటిదాకా మూడు. ఇప్పుడు దిళ్ళతో అయ్యే పని కాదని గోడకి ఆనుకుంటున్నా."

ఎకో అమ్మాయి జెల్లు చల్లగా తగలకుండా ముందు తన అరచేతిలో వేసుకుని వెచ్చబడనిచ్చి, ఆ తరువాత ఆమె పక్కటెముకల మీద రాసింది. పెద్దక్క చేతి వేళ్ళు నీళ్ళలో నాని నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గోళ్ళ చుట్టూ మందునీళ్ళు తిన్న చర్మం పొలుసులు లేచింది. కాలి మడమ పైన మేజోడు పట్టీ నొక్కిన చోట వేలు దూరేంత గాడి.

తెర మీద గుండె కనబడింది. ముడుచుకోవడం చక్కగా ఉంది. అరవై శాతం, కావాలంటే అరవై రెండు. అక్కడితో ఆపేస్తే ఆరు నెలల కిందటి కాగితంలో అబద్ధమేమీ లేదు. ఎకో అమ్మాయి ఆపలేదు. గోడ మందం కొలిచింది. ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉంది. ఎడమ వైపు పై గది అంచు చుట్టూ గీత గీసింది, ఉబ్బి ఉంది.

గుండె పనంటే పిండటమే అనుకుంటారు అందరూ. పిండిన తరువాత సడలాలి. హాయిగా సడలితేనే రక్తం దానంతట అది లోపలికి జారి నిండుతుంది. కండ గట్టిపడి సడలకపోతే, లోపలికి రావలసిన రక్తం గుమ్మంలోనే నిలబడిపోయి, ఆ ఒత్తిడి వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి రొప్పుతుంది. శాతం మాత్రం నిక్షేపంగా అరవై అని చూపిస్తూనే ఉంటుంది.

రక్తం నిండే వేగాన్ని తెర మీద వేసింది. ఒక్కో కొట్టుకోవడానికి రెండేసి కొండలు. గుండె సడలినప్పుడు జారే రక్తం మొదటి కొండ, పై గది తోస్తే వచ్చేది రెండోది. పెద్దక్కకి మొదటిది ఎత్తుగా, రెండోది పొట్టిగా, పాతికేళ్ళ పిల్ల గుండెలా ముచ్చటగా వచ్చాయి. యాభై ఆరేళ్ళ మనిషికి, పదేళ్ళుగా బీపీ ఉన్న మనిషికి, గోడలు మందమైన గుండెకి ఆ బొమ్మ అంత ముచ్చటగా ఉండకూడదు.

"పెద్దక్కా, నోరూ ముక్కూ మూసుకుని, బరువు ఎత్తేటప్పుడు బిగబడతావు చూడు, అలా బిగబట్టు."

పెద్దక్క బిగబట్టింది. నాలుగు కొట్టుకోవడాల్లో మొదటి కొండ కుంగిపోయింది, రెండోది లేచింది. వేసుకున్న ముసుగు జారినట్టయింది. ఆఖరున కవాటం మొదట్లో కండ ఎంత వేగంగా సడలుతోందో చూసింది. సెకనుకి ఏడెనిమిది సెంటీమీటర్లు ఉండాలి. నాలుగుంది. పక్క గోడ మీద చూసింది, ఐదు. మళ్ళీ చూసింది. నిండే వేగాన్ని సడలే వేగంతో భాగించి మిషను చివరి లెక్క పదిహేడు అని చూపించింది. పద్నాలుగు దాటితే చాలు, లోపల ఒత్తిడి పెరిగినట్టు.

"ఏమంటోంది తల్లీ?" అంది పెద్దక్క గోడ వైపు మొహం పెట్టుకునే.

"నువ్వు నాటకం ఆడటం లేదంటోంది."

పెద్దక్క భుజం ఒక్కటీ కదిలింది. ఎకో అమ్మాయి గుడ్డతో జెల్లు తుడిచి, గౌను ముళ్ళు వేసి, పైకి లేపి కూర్చోబెట్టింది. ఆరు నెలల కిందటి సంగతి చెప్పాలనుకుంది.

"గుండ్రాయివి అన్నావు కదే," అంది పెద్దక్క తనే, చెప్పులు వెతుక్కుంటూ. "నీ నోటి వాక్కు ఫలించింది."

మంగళవారం మధ్యాహ్నం గుండె డాక్టరు ఒక చేత్తో రొట్టె తింటూ, ఇంకో చేత్తో రిపోర్టులు తిప్పుతున్నాడు. చెడ్డవాడు కాదు. రోజుకి ఎనభై మందిని చూసేవాడు ఎంత మంచిగా ఉండగలడో అంత మంచిగానే ఉంటాడు. పెద్దక్క రిపోర్టు దగ్గర చెయ్యి ఆగింది.

"సిబ్బంది పరీక్షకి ఇంత పురాణం ఎందుకమ్మా? పంపింగ్ అరవై. ఇంకేం కావాలి?"

"సడలడం లేదు సార్. రెండో గ్రేడు. బిగబట్టించి చూశాను, కండ మీద కూడా చూశాను. ఆవిడ గోడకి ఆనుకుని నిద్రపోతోంది."

ఆయన రొట్టె పక్కన పెట్టి బొమ్మలు ఒక్కొక్కటే చూశాడు. రెండోసారి చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"నువ్వన్నది నిజమే. కాదనను. ఆవిడని నా దగ్గరికి పంపు, నీరు పోయే మాత్రలు రాస్తాను, బీపీ మాత్ర మారుస్తాను. కానీ ఈ మాట కాగితం మీద పెట్టడం అవసరమా? ఆఫీసువాళ్ళ ఫారంలో దీనికి గడే లేదు. పంపింగ్ ఎంత, అంతే."

"అందుకే సార్, గడి పక్కన రాశాను."

"అది చదివేవాడు డాక్టరు కాదు, లాండ్రీ నడిపేవాడు. అర్థం కాని నిజం చేతికిస్తే, మనిషి తనకి కావలసిన అర్థం తీసుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను."

"పోయినసారి అర్థమయ్యేటట్టే రాశాం సార్. ఆరు నెలలు తడి దుప్పట్లు మోసింది."

డాక్టరు ఆమె మొహం వంక చూశాడు. రాశాం అన్న మాటలో తనకెంత వాటా ఉందో, ఆమె తన మీద ఎంత వేసుకుందో లెక్క చూసుకున్నట్టు చూశాడు. పెన్ను తీసుకుని, ఆమె రాసిన వాక్యం కింద ఇంకో వాక్యం స్వయంగా చేర్చాడు: బరువు పనులు, వేడి, తడి పడవు, తేలిక పని ఇవ్వవలెను. సంతకం పెట్టాడు.

ఎకో అమ్మాయి ఆ కాగితాన్ని ఫైలులో వేయలేదు. తడి ఆరని ముగ్గు పక్కగా నడిచినంత జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని తన గదికి తీసుకెళ్ళింది.

బుధవారం పొద్దున తనే కిందికి దిగింది. లాండ్రీ ఆసుపత్రికి అడుగున, కిటికీలు లేని పొడుగాటి హాలు. ఒక వైపు గుండ్రటి మిషన్లు, నడుమ ఆరబెట్టే డ్రమ్ములు, పైన పైపులు. అడుగు పెట్టగానే కళ్ళజోడు అద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు. తుడుచుకుని చూసేసరికి పెద్దక్క మిషను నోట్లోంచి దుప్పటి లాగుతోంది. తడి దుప్పట్లు ఒకదానికొకటి మెలిపడి తాడులా వస్తున్నాయి. రెండు చేతులతో ఒక్క లాగుడు లాగి, మిషను అంచు మీద మోచేతులు ఆనించి వంగుతోంది. మళ్ళీ ఒక్క లాగుడు. చూసేవాళ్ళకి పనిలో కునుకు తీస్తున్నట్టే ఉంటుంది.

"చూశావా అమ్మాయ్, మా పెద్దక్క మిషనుతో మాట్లాడుతోంది," అన్నాడు బండి మావయ్య. దుప్పట్ల బండి పైకీ కిందకీ తోసే మనిషి, యాభై ఐదు దాటినవాడు. ఆ హాల్లో నవ్వు అనేది పుడితే ఆయన నోటి నుంచే పుట్టాలి. "దాన్ని బతిమాలుతోంది, నువ్వే నడిచొచ్చి బండెక్కవే అని."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎకో అమ్మాయి నవ్వలేదు. గడియారం గాజు గదిలోంచి బయటికి వచ్చాడు.

"తెచ్చారా మేడమ్? బాగుందనేగా?"

ఆమె కాగితం ఆయన చేతికివ్వలేదు. మిషన్ల రొదలో అందరికీ వినబడేటట్టు తనే చదివింది. పంపింగ్ గురించి చదివింది, సడలడం గురించి చదివింది, డాక్టరు చేర్చిన మాట చదివింది. చదువుతున్నంతసేపూ మడతలు పెట్టేవాళ్ళ చేతులు నెమ్మదించాయి. మొన్నటిదాకా నాటకమన్న ఆవిడ ఒకతె దుప్పటి అంచు సరిచూసుకోవడంలో మునిగిపోయింది.

"అంటే నాకు అర్థమయ్యేటట్టు చెప్పు," అంది పెద్దక్క.

"గుండె పిండుతోంది అక్కా. పిండాక వదలడం లేదు."

"అంటే పిండటం వచ్చు, విదల్చడం రాదు. ముప్పై ఏళ్ళు దుప్పట్లు పిండి విదిల్చిన దానికి లోపల అదే రాకుండా పోయిందా?" పెద్దక్క నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గుతూనే చుట్టూ చూసింది, ఒక్కొక్కరి మొహం వంకా, తీరిగ్గా. ఆరు నెలల్లో ఆమె మొదటిసారి తల ఎత్తి చూడటం అదే కాబోలు. బండి మావయ్య వచ్చి ఆమె చేతిలోని దుప్పటి కొస తను అందుకున్నాడు. ఈసారి హాస్యమాడలేదు.

గడియారం కాగితం తీసుకుని లోలోపల చదువుకున్నాడు. ఒక్కటే అడిగాడు. "అంటే మేడమ్, జబ్బు ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టు."

"సరే," అన్నాడు. ఆ ఒక్కసారికి గడియారం చూసుకోలేదు.

మెట్లెక్కి వస్తుంటే ఎకో అమ్మాయికి భుజం నొప్పి కూడా తెలియలేదు. ఆ రోజు పదిహేడు మందికి చేసింది. పదిహేడు మందికీ సడలడం చూసింది. బయట వరసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు, విసుక్కోనిచ్చింది.

గురువారం పెద్దక్క కనబడలేదు. మడతల బల్ల పై అంతస్తులో కదా, అక్కడికి వెళ్ళి ఉంటుందిలే అనుకుంది. శుక్రవారం ఉదయం తన గదికి తెల్ల దుప్పట్ల కట్ట తెచ్చిన బండి మావయ్య, కట్ట అలమారలో సర్దుతూ, వీపు ఇటే పెట్టి చెప్పాడు.

"పెద్దక్కని తీసేశారమ్మా. నిన్న పొద్దున్నే. లోపలికి రానివ్వకుండా గేటు దగ్గరే చెప్పారు."

"పైకి కదా మార్చాలి?"

"మార్చడానికి అదేమన్నా దిండు గలీబా? పనికి తగదని రాశారు. నీ కాగితం నకలు తీసి దానికి కుట్టారు."

ఆమె చేతిలో ఉన్న దానిని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కిందికి వెళ్ళింది. గాజు గదిలో గడియారం కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"తేలిక పని ఇవ్వమని డాక్టరుగారు రాశారు. చదివారు కదా మీరు."

"చదివాను. మా దగ్గర పనులు రెండే రకాలు మేడమ్. చేయగలిగినవాళ్ళు చేసేవి, ఖాళీగా ఉన్నవి. తేలికవి అని మూడో రకం ఆఫీసువాళ్ళ పుస్తకంలో లేదు. మడతల బల్ల దగ్గరైనా బండి దించాలి, మెట్లెక్కాలి. రేపు ఆవిడ అక్కడ కూలబడితే, తెలిసి తెలిసి ఎందుకు పెట్టావని అడిగేది నన్నే."

"మొన్నటిదాకా అయితే కూలబడదా?"

"మొన్నటిదాకా నాకు తెలీదు." గొంతులో కోపం లేదు, అలుపు ఉంది. "మీరు బాగుందని రాసినన్నాళ్ళు ఆవిడ బద్ధకస్తురాలు. బద్ధకస్తుల్ని నేను తిడతాను గానీ తీసెయ్యలేను. మీరు జబ్బని రాశారు. జబ్బుని ఉంచుకోలేను. ఇంకో మాట చెప్పనా? పైన బల్ల దగ్గర ఒకావిడ రెండు నెలల్లో మానేస్తోంది. ఈవిడ పోరు పడలేక అక్కడికి పంపేద్దామనే అనుకున్నాను. కాగితం లేకుండా అయితే పంపేవాణ్ణి."

అది నిజమో, అప్పటికప్పుడు అల్లినదో ఎకో అమ్మాయికి తెలియలేదు. నిజమే అయి ఉండవచ్చన్న అనుమానం మాత్రం గుండెల్లో ముల్లులా దిగింది. మెట్ల దగ్గరికి వచ్చాక చూసుకుంది. చేతిలో ఉన్నది జెల్లు సీసా.

ఆ సాయంత్రం పని దిగాక వెతుక్కుంటూ పెద్దక్క ఇంటికి వెళ్ళింది. నాలుగంతస్తుల పాత ఇల్లు, లిఫ్టు లేదు, వీళ్ళది మూడోది. ఎక్కుతూ మెట్లు లెక్కపెట్టింది. యాభై నాలుగు. మొగుడు పోయిన తరువాత పెద్దక్క మరిది కుటుంబంతోనే ఉంటోంది. తలుపు తీసింది తోడికోడలు. సన్నగా, చురుగ్గా, ఒక చేతిలో చీపురుతో ఉంది. వచ్చిందెవరో తెలియగానే చీపురు గోడ వార చేర్చి, కుర్చీ తుడిచి వేసింది.

పెద్దక్క కిటికీ పక్కన రెండు దిళ్ళు వీపుకి పెట్టుకుని కూర్చుని ఉంది. కాళ్ళు ముక్కాలి పీట మీద ఉన్నాయి. పనిలో తప్ప ఎకో అమ్మాయి ఆమెని ఎన్నడూ చూడలేదు. చేతులు ఖాళీగా ఒళ్ళో ఉంటే ఆమె ఇంకెవరోలా ఉంది.

"నా వల్ల అక్కా," అంది ఎకో అమ్మాయి. మెట్ల మీద కూర్చుకున్న మాటలేవీ తరువాత రాలేదు.

"ఊరుకో. నీ వల్ల అయ్యేంతటి దానివా నువ్వు," అంది పెద్దక్క. "వచ్చావు కదా, ఒక పని చెయ్యి. ఆ కాగితంలో ఏముందో దీనికి చెప్పు. నేను చెబితే నమ్మదు. ఇది లాండ్రీ వాళ్ళని మించింది. పొద్దున లేవలేకపోతే పనిదొంగ అనేది."

"ఎప్పుడన్నానక్కా?" అంది తోడికోడలు నేలకేసి చూస్తూ.

"నోటితో అనలేదులే. గిన్నెలతో అన్నావు. అవి ఎంత చప్పుడు చేసేవని."

ఎకో అమ్మాయి చెప్పింది. పిడికిలి మూసి చూపించింది. తెరవబోయి సగంలో ఆపి చూపించింది. నీళ్ళు లెక్కగా తాగాలని, ఉప్పు మానాలని, డాక్టరు మార్చిన మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదని చెప్పింది. తోడికోడలు ఎదురుగా పీట మీద కూర్చుని, మాట మాటకీ తల ఊపుతూ విన్నది.

"మందులు వాడితే సడలుతుందా?"

"సడలదండీ. ఇంకా గట్టిపడకుండా చూసుకోవడమే."

"అంటే ఇక ఇంతే."

"ఆయాసం కొంచెం తగ్గుతుంది."

తోడికోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు చప్పుడేమీ రాలేదు. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అదే సమయానికి పెద్దక్క పక్కన ఆరిన బట్టల కుప్పలోంచి ఒక తువ్వాలు తీసి మడతపెట్టబోతోంది. తోడికోడలు చటుక్కున వంగి తువ్వాలు లాక్కుని, కుప్ప మొత్తం ఎత్తుకుని లోపలికి పోయింది.

"నువ్వేం ముట్టుకోకు. కూర్చో," అన్న మాట లోపలి నుంచి వినబడింది. అందులో ప్రేమే ఉంది. ఎవరూ కాదనలేని ప్రేమ.

పెద్దక్క ఖాళీ అయిన చేతుల వంక చూసుకుంది. "నిన్నటి నుంచి ఇదే వరస. మంచినీళ్ళ చెంబు కూడా ఎత్తనివ్వదు. ఇన్నాళ్ళూ నమ్మక చేయించారు, ఇప్పుడు నమ్మి కూర్చోబెట్టేశారు." ఊపిరి కూడదీసుకుని అంది, "ఏది నయమో నాకు తెలియడం లేదే తల్లీ. అప్పుడు కనీసం కోపమైనా ఉండేది. దాన్ని పట్టుకుని మెట్లు దిగేదాన్ని."

యాభై నాలుగు మెట్లు. ఆమె ఇక దిగేది ఆసుపత్రికి మాత్రమేనని, అదీ ఎన్నాళ్ళో చెప్పలేమని ఎకో అమ్మాయికి తెలుసు. పెద్దక్కకీ తెలుసని ఆమె కిటికీ వైపు తిరిగిన తీరులో అర్థమైంది. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. లాండ్రీలో ఎవరు పెళ్ళి చేసుకున్నారు, ఎవరు పోట్లాడుకున్నారు అనే కబుర్లు చెప్పుకున్నారు. వెలుగు ఉండగానే ఆమె సెలవు తీసుకుంది.

సోమవారం ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. లాండ్రీలో నలభై ఐదు దాటినవాళ్ళందరికీ గుండె పరీక్ష చేయించాలి, వారి క్షేమం దృష్ట్యా. దానితో పాటు కొత్త ఫారం. పాతదాని కంటే పొట్టిది. పంపింగ్ శాతానికి ఒక గడి, ఇతర లోపాలకి ఒక గడి, కింద రెండు మాటలు: పనికి తగును, పనికి తగదు. ఒకటి కొట్టేయాలి.

ఎకో అమ్మాయి ఫారం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు.

"నేను ముందే అన్నాను అని అనను," అన్నాడు. "గడి లేదని పక్కన రాశావు. ఇప్పుడు గడి ఇచ్చారు. నువ్వు ఏది రాస్తే దాని కింద సంతకం పెడతాను. నీ కొలతలో తప్పు ఉండదని నాకు తెలుసు."

ఆ నమ్మకం తీసుకుని ఆమె తన గదికి వచ్చింది. అంత బరువైన మెప్పు ఆ ఉద్యోగంలో ఇంతకుముందు ఎప్పుడూ దొరకలేదు.

మంగళవారం పొద్దుటి నుంచి ఒక్కొక్కరే వచ్చారు. పోయినసారి మెట్లెక్కితే దమ్ము, ఛాతీలో పట్టు, కాళ్ళ వాపు అని అడగకుండానే ఏకరువు పెట్టినవాళ్ళే. ఈసారి ఎవరికీ ఏమీ లేదు. పరిగెత్తగలం అన్నవాళ్ళున్నారు. ఒకావిడ బయట వరసలో నిలబడి, పిలిచేదాకా కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీస్తూ, తీరా లోపలికి చకచకా నడిచి వచ్చింది. మొగుడి గుండె మాత్రల్లో తను కూడా పొద్దున ఒకటి వేసుకున్నానని ఇంకొకావిడ నోరు జారి, వెంటనే తలనొప్పి మాత్ర అని సర్దుకుంది. చాలామందికి నిజంగానే ఏమీ లేదు. వాళ్ళు కూడా భయంతో చెమటలు కక్కుతున్నారు.

పన్నెండో మనిషి బండి మావయ్య.

"చూడమ్మాయ్, చూడు. ఇంజను కొత్తది. లోపల ఏమన్నా చిక్కుకుని ఉంటే నా పాత చెప్పులు అయి ఉంటాయి," అంటూ చొక్కా విప్పాడు. మంచం మీద పడుకున్నాడు. రెండు క్షణాలకి దగ్గు వచ్చింది. లేచి కూర్చున్నాడు. "పడిశం," అన్నాడు. మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేచాడు. ఎకో అమ్మాయి మాట్లాడకుండా మంచం తలవైపు ఎత్తు పెంచి, రెండు దిళ్ళు పెట్టింది. ఆయన వాటి మీదకి వాలి, ఆ సుఖానికి ఒక్కసారి కళ్ళు మూసుకుని, తను కళ్ళు మూసుకున్నట్టు ఆమె చూసిందని తెలిసి తెరిచాడు.

ముడుచుకోవడం చూసింది. యాభై ఎనిమిది శాతం. ఆ తరువాత మీట మీదకి పోతున్న ఆమె చేతిని చూసి ఆయన మెల్లగా అన్నాడు.

"పంపింగ్ ఒక్కటి చూసి వదిలెయ్యమ్మా."

"మావయ్యా, మీకు ఎప్పటి నుంచి ఉంది?"

"ఏమీ లేదన్నా కదా." మిషను గాలిపంకా చప్పుడు గదంతా నిండింది. "ఇంకో మూడేళ్ళు తల్లీ. మూడేళ్ళు బండి తోస్తే రిటైరై నా దారిన నేను పోతాను. పెద్దక్కకి కూర్చోవడానికి ఓ మరిది ఇల్లుంది. నాకు ఆ కిటికీ కూడా లేదు."

ఆమె మిషను గొంతు తగ్గించింది. రక్తం పరుగు చప్పుడు బయట వరసలో ఎవరికీ వినబడకుండా పూర్తిగా తగ్గించింది. ఆ తరువాత, ఆయన వద్దన్నది మొదటి నుంచి చివరి దాకా చేసింది. కొండలు చూసింది. కండ వేగం చూసింది. పై గది కొలిచింది. పెద్దక్కది పదిహేడు. ఈయనది ఇరవై ఒకటి. మిషనులో ఒక్క బొమ్మా భద్రపరచలేదు. కొలిచిన ప్రతిదాన్నీ తెర మీదనే చెరిపేసింది. ఇరవై రెండేళ్ళలో కొలత చెరపడం అదే మొదలు.

"ఉంది మావయ్యా," అంది చెవి దగ్గరికి వంగి. "పెద్దక్కకంటే ఎక్కువ. రేపే బయట ఎక్కడైనా డాక్టరుకి చూపించుకోండి. నీరు పోయే మాత్ర కావాలి అని చెప్పండి. ఉప్పు ముట్టుకోవద్దు. బరువు బండి వాలు మీద ఒక్కరే తోయొద్దు, ఎవరినైనా పిలవండి."

"పిలిస్తే తెలిసిపోతుంది కదమ్మా."

ఆమె జెల్లు తుడిచి, చొక్కా అందించింది. ఆయన బొత్తాలు పెట్టుకుంటూ ఉంటే ఫారం ముందుకు లాక్కుంది. పంపింగ్ యాభై ఎనిమిది శాతం అని రాసింది. ఇతర లోపాలు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఆయన బొత్తాలు పెట్టుకోవడం కూడా ఆగింది. ఆమె ఆ గడిలో లేవు అని రాసింది. తగదు అన్న మాట కొట్టేసింది. పొడి అక్షరాలు వేసింది. పోయినసారి తెలియక రాసింది. ఇప్పుడు తెలిసి రాసింది. చేతిరాతలో తేడా ఏమీ లేదు.

బండి మావయ్య కాగితం అందుకుని, చదవడం సరిగా రాకపోయినా చాలాసేపు చూశాడు. దణ్ణం పెట్టబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపితే చెయ్యి దించేశాడు. తలుపు దాకా నెమ్మదిగా నడిచి, బయటికి అడుగు పెట్టేముందు భుజాలు వెనక్కి విరిచాడు. "నేను చెప్పలేదా, కొత్త ఇంజనని," అన్న ఆయన గొంతు, వరసలో వాళ్ళ నవ్వు లోపలికి వినబడ్డాయి. తరువాత ఆయన అడుగులు వాలు దారి వైపు పోయాయి. పది అడుగుల తరువాత ఆగాయి. ఆమె చెవి ఒగ్గి విన్నది. మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పట్టింది.

మంచం మీద గుడ్డ మార్చి, కొత్త ఫారం తీసి, తరువాతి మనిషిని పిలిచింది. ఆవిడ గబగబా వచ్చి, ఎడం పక్కకి తిరిగి పడుకుని, ఎకో అమ్మాయి ఇంకా ఏమీ అడగకముందే అంది.

"నాకేం లేదమ్మా."